లేహ్‌లో విమానం దిగాక గుండెకూ రక్తానికీ ఏమవుతుంది: మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి నా జవాబు

మీ ప్రశ్న ఇది: నెల్లూరు నుంచి చెన్నై, ఢిల్లీల మీదుగా విమానంలో లద్దాఖ్‌లోని లేహ్ వెళ్తున్నారు. మీ నాన్నగారికి 63 ఏళ్లు, పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. అక్కడ దిగగానే గుండె దడ వస్తుందనీ, రక్తం చిక్కబడుతుందనీ ఎవరో చెప్పారు. అందులో నిజమెంత, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అని అడిగారు. నేను కావలిలో ఇరవై రెండేళ్లుగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతున్నాను. వైద్యుణ్ణి కాను. అయితే ఏటేటా బోర్డు మీద గీసిన రక్తప్రసరణ పాఠం రెండేళ్ల కిందట జూన్ నెలలో లేహ్‌లో నా శరీరంలోనూ, అంతకంటే గట్టిగా మా బావమరిది శరీరంలోనూ ఎదురైంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు గాలి సంగతి. కావలిలో సీలు వేయించుకుని తీసుకెళ్లిన జంతికల ప్యాకెట్లు లేహ్ హోటల్ గదిలో పెట్టె తెరిచేసరికి గాలి కొట్టినట్టు బిర్రుగా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని అతుకు వేలు తగలగానే విడిపోయింది. ప్యాకెట్టులోకి కొత్తగా గాలి చేరలేదు, బయటి నుంచి దాన్ని అదిమి పట్టే గాలి పలచబడింది. మన సముద్రతీరంలో వాతావరణ పీడనం సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో అది 500 దగ్గరికి దిగిపోతుంది. అక్కడి గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువని చాలామంది అంటారు కానీ అది సరికాదు. శాతం ఇక్కడా అక్కడా 21 దగ్గరే. తగ్గేది ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల పలుచని గోడ దాటించి రక్తంలోకి నెట్టే పీడనం. పీల్చిన గాలి శ్వాసనాళంలో తడిసి, నీటి ఆవిరి తన వాటా తీసుకున్నాక, ఆక్సిజన్ వంతుకు మిగిలే పీడనం మన ఊళ్లో సుమారు 150 మిల్లీమీటర్లు, లేహ్‌లో సుమారు 95. ఢిల్లీలో విమానం ఎక్కి గంటన్నర తిరక్కముందే ఈ తేడా అంతా ఒక్కసారిగా శరీరం మీద పడుతుంది. తిరుమల కొండ మెట్లెక్కిన అనుభవం దీనికి కొలమానం కాదు. తిరుమల ఉన్నది 850 మీటర్ల చుట్టుపక్కల ఎత్తున, అక్కడ ఆరోగ్యవంతుల రక్తానికి ఈ కొరత దాదాపు తెలియదు.

ఈ కొరతను మొదట పసిగట్టేది గుండె కాదు, మెడ. మెడకు రెండు పక్కలా గ్రీవాధమని రెండుగా చీలే చోట బియ్యపుగింజంత కణసముదాయాలు ఉంటాయి. వాటిని కరోటిడ్ దేహాలు అంటారు. రక్తంలో ఆక్సిజన్ పీడనం పడిపోగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. ఆ వెంటనే ఊపిరి లోతవుతుంది, ఆపదలో శరీరాన్ని సిద్ధంచేసే సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది, గుండె వేగం పెరుగుతుంది. ఇదంతా నిమిషాల్లో జరిగే పని.

గుండె ఎంత వేగం పెంచాలో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. హీమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నవారిలో ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తమూ దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది కనుక నిమిషానికి ఒక లీటరు ఆక్సిజన్ శరీరానికి బయలుదేరుతుందన్నమాట. లేహ్‌లో దిగిన రోజున హీమోగ్లోబిన్ సంతృప్తత, అంటే హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్‌తో నిండిన వాటా, 85 శాతానికి పడిపోతే అదే 100 మిల్లీలీటర్లలో 17 మాత్రమే ఉంటాయి. ఆ లీటరును నిలబెట్టాలంటే గుండె దాదాపు 5.9 లీటర్లు పంపాలి. ఒక్కో స్పందనకు వెళ్లే రక్తం 70 మిల్లీలీటర్లు అనుకుంటే, 71 సార్లు కొట్టుకునే గుండె 84 సార్లు కొట్టుకోవాలి. స్పందనకు వెళ్లే పరిమాణం ఆ మొదటి రోజుల్లో పెరగదు కాబట్టి భారమంతా వేగం మీదే పడుతుంది. కావలిలో 72 ఉండే నా నాడి ఆ సాయంత్రం కుర్చీలో కదలకుండా కూర్చున్నప్పుడు 88 ఉంది, సంతృప్తత 97 నుంచి 87కు దిగింది. వేలికి తగిలించే ఆక్సీమీటర్ నా భార్యకు 91 చూపించింది. ఆమె నాకంటే బలమైన మనిషేమీ కాదు, ఒక్కొక్కరి శ్వాసకేంద్రం ఒక్కో తీరుగా స్పందిస్తుంది. కాబట్టి మీ నాన్నగారి గుండె విశ్రాంతిలో 15, 20 స్పందనలు ఎక్కువ కొట్టుకుంటే అది జబ్బు కాదు, గుండె చేయవలసిన పనే చేస్తోందని అర్థం. మెట్లెక్కేటప్పుడు వచ్చే ఆయాసం కూడా అంతే, కాసేపు నిలబడితే తగ్గాలి. తగ్గకపోతే అది వేరే సంగతి, దాని దగ్గరికే వస్తున్నాను.

మా బావమరిదికి అప్పుడు 44 ఏళ్లు. అల్లూరు వైపు వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. పొగతాగడు, బీపీ లేదు, షుగర్ లేదు, మేత బస్తా భుజాన వేసుకుని గట్టు మీద నడిచే మనిషి. నా నాడి లెక్క విని అతనన్న మాట నాకు బాగా గుర్తుంది: "తెల్లారుజామున చెరువులో డీవో పడిపోతే ఏరేటర్లన్నీ వేస్తాం గదా బావా, అట్టాంటిదే గదా ఇది." నిజంగా అట్లాంటిదే. నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏరేటర్లు వేస్తే ఆ పూటకు రొయ్య బతుకుతుంది, కానీ చెరువు బాగుపడటానికి వేరే పనులు కావాలి, వాటికి రోజులు పడుతుంది. శరీరంలో కూడా గుండె వేగం తాత్కాలిక ఏర్పాటే. అసలు సర్దుబాటు ఊపిరిదీ, మూత్రపిండాలదీ, రక్తానిదీ. అది మొదలై ఒక దారికి రావడానికి కనీసం రెండు మూడు రోజులు కావాలి.

ప్రమాదం ఎక్కువగా ఈ మొదటి కొన్ని రోజుల్లోనే ఉంటుంది, పైగా మొదటి కొన్ని గంటలు మనిషిని బాగా మోసం చేస్తాయి. దిగినప్పుడు తలనొప్పి ఉండదు, ఆకలి ఉంటుంది, చల్లటి గాలి, కొత్త ఊరు, నరాల్లో అడ్రినలిన్. కొండజబ్బు సాధారణంగా దిగిన ఆరు గంటల తర్వాత, చాలాసార్లు మొదటి రాత్రి మొదలవుతుంది. మా బావమరిది హోటల్ వాళ్ళను పిలవనివ్వకుండా మూడు పెట్టెలు తానే రెండో అంతస్తుకు మోశాడు, సాయంత్రం శాంతిస్తూపం మెట్లన్నీ ఎక్కివచ్చాడు. ఆ రాత్రి తల పగిలిపోయేంత నొప్పి వచ్చిందట, మాకు చెప్పకుండా పారాసెటమాల్ వేసుకుని పడుకున్నాడు. మా యాత్ర ఏర్పాటు చేసినవారు రెండో రోజునే ఖార్దుంగ్‌లా కనుమ పెట్టారు. అది 5,359 మీటర్లు. అది తప్పు ఏర్పాటని నాకు తెలిసి ఉండవలసింది. పాఠం చెప్పేవాణ్ణి, అడగలేదు. ఆ బాధ నాకు ఈనాటికీ ఉంది, మీకు ఇంత పొడుగున రాయడానికి అదొక కారణం.

కనుమ మీద అతను టీ తాగాడు, ఫోటోలు దిగాడు, దిగివచ్చేటప్పుడు మాత్రం మాట్లాడలేదు. ఆ రాత్రి పదకొండు దాటాక పొడిదగ్గు మొదలైంది. రెండు గంటలప్పుడు నా తలుపు తట్టాడు. "పండుకుంటే ఊపిరి ఆడటంలా బావా, కూర్చుంటేనే కాస్త బాగుంది" అన్నాడు. గదిలోకి నాలుగు అడుగులు నడిచేసరికే రొప్పుతున్నాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి. ఆక్సీమీటర్ 64 చూపింది. చలికి వేళ్లు బిగుసుకుంటే ఆ పరికరం తప్పుడు అంకెలు ఇస్తుందని తెలుసు కనుక అతని చేతులు నా చేతుల్లో పెట్టుకుని బాగా రుద్ది మళ్ళీ పెట్టాను. 66. నాడి 122. వీపుకు చెవి ఆనిస్తే కుడివైపు కింద ఉప్పు చిటపటలాడినట్టు సన్నని చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఊపిరితిత్తి గాలిగదుల్లో నీరు చేరినప్పుడు వచ్చేది. హోటల్ పిల్లవాడు బండి తీసి ఇరవై నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చాడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మీద దూదిపింజలు చల్లినట్టు తెల్లటి మచ్చలు ఉన్నాయి. ఆక్సిజన్ మాస్కు పెట్టిన గంట లోపే అంకె 90కి చేరింది. రక్తనాళాల బిగువును సడలించే నిఫెడిపిన్ మందు ఇచ్చారు. రెండు రోజులు పడకమీదే ఉంచి, తర్వాత ఢిల్లీకి దిగిపొమ్మన్నారు. ఢిల్లీ విమానాశ్రయం బయట అతను తొలిసారి సామాను లేకుండా, నెమ్మదిగా నడవడం చూశాను.

గుండెకు ఏ లోపమూ లేని మనిషి ఊపిరితిత్తిలోకి నీరెందుకు చేరింది? దీని సమాధానం మనం పాఠంలో రెండు ముక్కల్లో దాటేసే పుపుస ప్రసరణలో, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి తిరిగొచ్చే రక్తప్రసరణలో ఉంది. ఆక్సిజన్ తగ్గితే చేతులు, కాళ్లు, మెదడు వంటి చోట్ల రక్తనాళాలు వెడల్పవుతాయి, ఎక్కువ రక్తం రావాలని. ఊపిరితిత్తుల్లో మాత్రం దానికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది, అక్కడి చిన్న ధమనులు బిగుసుకుంటాయి. 1946లో ఫన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞులు పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి లోకానికి చూపారు. మామూలు రోజుల్లో ఈ గుణం మేలే చేస్తుంది. న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తిలో ఒక మూలకు గాలి ఆడకపోతే ఆ మూలకు రక్తం పంపడం వృథా కాబట్టి అక్కడి నాళాలు మూసుకుని రక్తం మంచి భాగానికి మళ్లుతుంది. తల్లి కడుపులో ఊపిరితిత్తులతో పనిలేని బిడ్డకు కూడా ఈ బిగువు అవసరమే, తొలి ఊపిరితో అది సడలుతుంది.

మన వైపు వారికి దీన్ని కాలువ భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది. ఒక పొలానికి నీరు అక్కర్లేకపోతే దాని తూము దించుతాం, నీరు పక్క పొలానికి పోతుంది, అందరికీ మంచిదే. అయితే కావలి కాలువ నిండుగా పారుతున్నప్పుడు తూములన్నీ ఒకేసారి దించితే ఏమవుతుంది? నీరు పోవడానికి దారిలేక కాలువ కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. అందులోనూ కొన్ని తూములు పూర్తిగా దిగి, కొన్ని సగం తెరిచి ఉండిపోతే, ఆ తెరిచి ఉన్నవాటి గుండా నీరు ఉరవడిగా దూకి అక్కడి గట్టు తెగుతుంది. లేహ్‌లో ఊపిరితిత్తి మొత్తానికీ ఆక్సిజన్ కొరతే కనుక తూములన్నీ ఒకేసారి దిగుతాయి. కొందరిలో ఈ బిగువు మరీ ఎక్కువ, పైగా అన్నిచోట్లా సమానంగా ఉండదు. మామూలుగా పుపుస ధమనిలో సిస్టోలిక్ పీడనం (బీపీలో పై అంకె లాంటిది) 25 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, ఈ జబ్బు వచ్చినవారిలో అది 50 దాటడం సాధారణం. బిగియని నాళాల వెనుక ఉన్న రక్తకేశనాళికలు ఆ ఒత్తిడికి తట్టుకోలేక నీటినీ, ప్రోటీన్లనూ, ఒక్కోసారి రక్తకణాలనూ గాలిగదుల్లోకి వదిలేస్తాయి. మెట్లెక్కడం, బరువులు మోయడం వల్ల గుండె ఇంకా ఎక్కువ రక్తాన్ని అటే తోస్తుంది. చలి కూడా పుపుస పీడనాన్ని పెంచుతుంది. మా బావమరిది ఆ రెండు రోజుల్లో చేసిన ప్రతి పనీ కట్ట మీదికి మరికాస్త నీరు వదిలింది. దృఢకాయుడు కావడం అతన్ని కాపాడలేదు సరికదా, తనకేమీ కాదన్న ధైర్యం ఇచ్చి చెడుపు చేసింది.

ఎడమ గుండె బాగానే ఉండి ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఈ జబ్బును 1960లో అమెరికన్ వైద్యుడు చార్లెస్ హూస్టన్ వివరించాడు. తర్వాత దీని గురించి ప్రపంచానికి ఎక్కువగా నేర్పింది మన సైన్యం అనుభవమే. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి సైనికులను హఠాత్తుగా హిమాలయాల పైకి చేర్చవలసి వచ్చింది, ఎందరో జవాన్లు ఇలా జబ్బుపడ్డారు. ఇందర్ సింగ్, ఆయన సహచర సైనిక వైద్యులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం ఈనాటికీ ఈ రంగంలో మూలగ్రంథం లాంటిది. మైదానం నుంచి నేరుగా పైకి పోయే మనబోటివారి సంగతే అందులో ఉంది.

ఇక రక్తం చిక్కబడటం. ఇది నిజమే కానీ మీకు చెప్పినవారు అనుకున్న కారణం వేరై ఉంటుంది. మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను కొన్ని గంటల్లోనే ఎక్కువ చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో అది గరిష్ఠానికి చేరుతుంది. అయితే దాని మాట విని ఎముకమజ్జ ఎర్రకణాలను తయారుచేసి రక్తంలో లెక్క పెరిగేలా చేయడానికి వారాలు పడుతుంది. వారం రోజుల యాత్రలో కొత్త ఎర్రకణాల వల్ల మీకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మొదటి రోజుల్లో రక్తం చిక్కబడేది నీరు తగ్గడం వల్ల. ఎత్తుకు వెళ్లగానే మూత్రం ఎక్కువ పోతుంది, లోతైన ఊపిరితో పొడిగాలిలోకి తేమ పోతుంది, కొంత నీరు నాళాలు వదిలి కణజాలంలోకి జారుతుంది. ఇలా కొద్ది రోజుల్లో రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పదిశాతం పైగా తగ్గవచ్చు. దానివల్ల అదే పరిమాణం రక్తంలో హీమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా ఉంటుంది, ఊపిరి కూడా కుదురుకుని సంతృప్తత పెరుగుతుంది, కనుక గుండె తిరిగి మామూలు పరిమాణంలో రక్తం పంపితే సరిపోతుంది. నాలుగో రోజున నా నాడి 78కి వచ్చింది. మూత్రం ఎక్కువ పోవడం శరీరం సర్దుకుంటున్నదనడానికి మంచి గుర్తు. మూత్రం తగ్గి ముఖం, చేతులు ఉబ్బితే అదే చెడు గుర్తు. దాహానికి తగినట్టు తాగితే చాలు, బలవంతంగా లీటర్ల కొద్దీ తాగించకండి.

తలనొప్పి గురించి ఒక్క మాట. ఆక్సిజన్ కొరత మెదడు నాళాలను వెడల్పు చేస్తుంది, ఎక్కువగా ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ తగ్గి వాటిని సన్నబరుస్తుంది. ఈ రెంటి పెనుగులాటలో మొదటి రోజుల్లో మొదటిదే కొంత పైచేయిగా ఉండి మెదడుకు రక్తం ఎక్కువగా వెళ్తుంది. తలనొప్పి మాత్రతో తగ్గితే విశ్రాంతి చాలు. మనిషి తాగినవాడిలా తూలితే, మాట తడబడితే, గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నాలుగు అడుగులు నడవలేకపోతే అది మెదడు వాపు, వెంటనే కిందికి దించవలసిన పరిస్థితి.

మీ నాన్నగారి బీపీ విషయానికి వస్తే, దిగిన మొదటి గంటల్లో శరీర నాళాలు వెడల్పవడం వల్ల పెద్ద తేడా కనిపించకపోవచ్చు, కానీ రోజులు గడిచేకొద్దీ సహానుభూత నాడుల పట్టు బిగిసి బీపీ పెరుగుతుంది. నాకు ఇంట్లో 126 ఉండే పై అంకె లేహ్‌లో మూడో రోజు ఉదయం 142 ఉంది. అందుకని అక్కడికి వెళ్లాక మాత్ర మానకూడదు, మీరే ఎక్కువ తక్కువ చేయకూడదు. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే ఆయన్ను చూసే డాక్టరు దగ్గరికి చీటీ తీసుకుని వెళ్లండి. బీటా బ్లాకర్ రకం మాత్రయితే అది గుండెవేగాన్ని పెరగనివ్వదు, నేను పైన చేసిన లెక్కలో గుండెకున్న ప్రధాన సాధనం ఆ వేగమే. మూత్రం పోయేలా చేసే మాత్రయితే అసలే తగ్గే నీటిని ఇంకా తగ్గిస్తుంది. మార్చాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి. ఛాతీనొప్పి, గుండెపోటు చరిత్ర ఉంటే ఆయన అనుమతి లేకుండా టికెట్లు కొనకండి. కొండజబ్బు రాకుండా ముందుగా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర గురించి కూడా అప్పుడే అడగండి. అది మూత్రపిండాల ద్వారా బైకార్బనేటును బయటికి పంపి, శరీరం రెండు మూడు రోజుల్లో చేసే ఊపిరి సర్దుబాటును తొందరపరుస్తుంది. వేళ్ల చివర తిమ్మిరి రావడం దానితో మామూలే. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందుగా చెప్పాలి.

మీకు వీలుంటే శ్రీనగర్ నుంచి రోడ్డు మార్గాన కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి వెళ్లండి. కార్గిల్ ఎత్తు దాదాపు 2,700 మీటర్లు. ఆ ఒక్క రాత్రి శరీరానికి ఎంతో మేలు చేస్తుంది. మనాలి దారి అటువంటిది కాదు, అందులో రాత్రి మజిలీ 4,000 మీటర్లు దాటిన చోట పడవచ్చు. విమానమే అయితే మొదటి రెండు పగళ్లు, రెండు రాత్రులు లేహ్‌లోనే ఉండండి, పెట్టెలు హోటల్ వాళ్ళే మోయనివ్వండి, స్తూపం మూడో రోజుకు వాయిదా వేయండి. కార్యక్రమం ఇచ్చినవారు రెండో రోజున ఖార్దుంగ్‌లా అంటే ఒప్పుకోకండి. తర్వాత నుబ్రా లోయలో పడుకోవచ్చు, అది లేహ్ కంటే తక్కువ ఎత్తే. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్ల పైన ఉంది, అక్కడ రాత్రి బస మీ నాన్నగారికి వద్దనే నా అభిప్రాయం. మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి, అవి అసలు ముట్టవద్దు.

ఇంకొక పని ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. నెల్లూరులో ఉండగానే వారం రోజులు పొద్దున లేవగానే నాన్నగారి నాడి, సంతృప్తత, బీపీ ఒక కాగితం మీద రాసిపెట్టండి. అక్కడ చూసే అంకెలకు పోల్చిచూడటానికి ఆయనవే అంకెలు ఉండాలి. రాత్రిపూట ఆయన ఊపిరి కాసేపు ఆగి, మళ్ళీ లోతుగా మొదలవడం చూస్తే హడలిపోకండి, ఎత్తు ప్రదేశంలో నిద్రలో అది చాలామందికి జరుగుతుంది. అయితే మెలకువగా కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా, పడుకోలేక లేచి కూర్చున్నా, దగ్గు మొదలై అంకె ముందురోజు కంటే పదీ పదిహేనూ పడిపోయినా, అర్ధరాత్రయినా సరే బండి పిలిపించండి. మా బావమరిది పదకొండు గంటలకు మొదలైన దగ్గును రెండింటి దాకా ఓర్చుకున్నాడు. ఆ మూడు గంటల్లో పక్కగదిలో నేను నిద్రపోతున్నాను. మీరు నాన్నగారి గదిలోనే పడుకోండి.